రెండో రాజు

దస్తగిరన్న బెంగళూరు బస్సు దిగి
నేరుగా అంగడికే వచ్చినాడు.
చంకలో అట్టపెట్టె.
అందులో, ఆదోనిలో ఇంకెవరి దగ్గరా లేదని
ఆయన నమ్ముతున్న డీవీడీ రైటర్.
"నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. అంతే సుంకులా"
అని చెప్పి టీకి పోయినాడు.

నాలుగు స్క్రూలు బిగించినాను.
రెండు వైర్లు పెట్టినాను.
బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది,
పచ్చ లైటు వెలిగింది, ఒక్క కూత కూసింది.
ఆ తర్వాత నల్ల తెర మీద
తెల్ల గీత ఒకటి రెప్పలు కొట్టుకుంటా కూర్చుంది,
పేరు అడిగితే మర్చిపోయిన మనిషి మాదిరి.

ఆపి, మళ్లీ నొక్కి.
మళ్లీ అదే గీత.

బల్ల ముందర స్టూలు మీద హుసేనప్ప.
పగలు జిన్నింగు మిల్లులో బేళ్లు మోస్తాడు,
ఏడాదికి మూడు రాత్రులు రాజవుతాడు.
మొన్న ఉరుసుకు కట్టిన నాటకం
క్యాసెట్టులో నుంచి ఈ మిషన్లోకి ఎక్కించి పెట్టినాం.
రేపు పొద్దున హొళగుంద బస్సుకు డిస్కు కావాలంట.
"ఏమ్మే, నా పద్యాలు లోపలే ఉండాయా?"
ఉన్నాయన్నాను.
ఉన్నాయో లేదో నాకూ తెలీదు.

డబ్బా పక్క రేకు విప్పితే దూది.
ఈ ఊర్లో ఏది విప్పినా దూదే:
గోడ గడియారంలో, కుట్టు మిషన్లో,
మా నాయన దగ్గులో.
బ్రష్షుతో ఊడ్చినాను. ర్యామ్ పీకి
రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చినాను.
గీత అట్లే ఉంది.
కొత్త డ్రైవు వైరు పీకేస్తే మాత్రం
ఏమీ ఎరగనట్టు
నీలి ఆకాశం, పచ్చని గుట్ట, అన్నీ వచ్చినాయి.
హుసేనప్ప లేచి నిలబడినాడు.
వైరు మళ్లీ పెట్టినాను.
హుసేనప్ప కూర్చున్నాడు.

పాతది ఒక్కటే ఉంటే పలుకుతుంది,
రెండింటినీ కలిపితే నోరు మూస్తుంది
అని నాలో నేను గొణుక్కుంటే
ఆయన నవ్వినాడు:
"మా నాటకంలో రాజు వేషానికి ముగ్గురం పాపా.
కొలువుకొకడు, అడవికొకడు, యుద్ధానికొకడు.
ఒకసారి పెద్దహరివాణంలో
వాడింకా తెర దాటకముందే నేను దూకితి.
ఇద్దరం రాజులమే, ఇద్దరికీ కిరీటమే.
హార్మోనియం ఆయప్ప
ఎవురి శ్రుతి అందుకోవాల్నో తెలీక
చేతులు గాల్లో పెట్టుకోని అట్లే ఉండిపాయె.
జనం ఒకటే ఈలలు.
ఆఖరికి నేనే కిరీటం తీసి చంకలో పెట్టుకోని
ద్వారపాలకుని మాదిరి పక్కన నిలబడితి."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

డ్రైవు వెనక్కి తిప్పి చూస్తే
చీమ కాళ్లంత అక్షరాలు:
మాస్టర్, స్లేవ్.
పాతదీ మాస్టరే, కొత్తదీ మాస్టరే.
ఒక్క వైరు మీద ఇద్దరు దొరలు.
రెండు ముళ్ల మీద తొడిగిన నల్ల టోపీ,
కొర్రగింజ కంటే కాస్త పెద్దది.
కనుబొమలు తీసుకునే పట్టకారుతో లాగితే
ఎగిరి దూదిలో పడింది.

అరగంట.
హుసేనప్ప మోకాళ్ల మీద, నేను టార్చితో,
పోగు పోగూ విడదీస్తా.
చిన్నప్పుడు చేలల్లో పత్తి ఒలిచిన చేతులు,
ఆయనకే దొరికింది.
"ఇదేనా కిరీటం?"
"అదే. కొంచెం పక్కకు జరిపితే చాలు."

కూత. గీత.
గీత పోయింది.
రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడినాయి.
కొత్త డ్రైవు నాలుక బయటపెట్టింది.

దస్తగిరన్న వచ్చి చూసి
"చెప్పలే? నాలుగు స్క్రూలు, రెండు వైర్లు" అన్నాడు.
బయట బోర్డు మీద ఆయన పేరే ఉంది,
నేనేమీ అనలేదు.
డిస్కు తిరుగుతా ఉంది, నలభై శాతం.
హుసేనప్ప మాత్రం నా దిక్కు చూసి
నెత్తి మీది నుంచి లేని కిరీటం తీసి
చంకలో పెట్టుకున్నాడు.

రేకు బిగించినాక చూస్తే
ఒక స్క్రూ మిగిలింది.
ఎప్పుడూ మిగులుతుంది.
అవ్వ పాత సున్నం డబ్బీలో వేసినాను.
అందులో ఇంకా పదకొండు ఉన్నాయి.