గాలి మీదుగా

లింట్స్ ఊళ్ళో, ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా
అద్దాలు వణికే కొట్టు మాది.
ఏటా ఏప్రిల్ మొదటివారంలో వస్తుంది
రోస్విటా ఆయ్గ్నర్,
మోకాళ్ళ దాకా డాన్యూబ్ బురదతో.
మెమరీ కార్డులు అడుగుతుంది, ఎప్పుడూ నాలుగే.
రసీదు చదువుతుంది, మందుల చీటీ చదివినట్టు.

"ఈ చిల్లర దేనికి?"
నకలు రుసుము, అంటాను.
ఖాళీ కార్డు మీద ఎవరి పాటో ఎక్కించుకుంటారు గదా,
ఆ పాడినవాళ్ళకి ముందుగానే కొంత.
"నేనెక్కించేది పిట్టల్ని."
తెలుసు.
"అయితే రేవులో నల్లపిట్టకి అందుతోందా నా వాటా?"
ప్రతి ఏడూ అదే ప్రశ్న.
ప్రతి ఏడూ గల్లాపెట్టె మూసిన చప్పుడే నా జవాబు.

ఈసారి అక్టోబరులో వచ్చింది.
బూట్లు శుభ్రంగా ఉన్నాయి, అదే నాకు నచ్చలేదు.
సంచిలోంచి పాత ప్లేయర్ తీసి బల్ల మీద పెట్టింది.
బ్యాటరీ ఉబ్బి దాని వీపు గూనైంది.
లోపల ఒక పుస్తకం. చదివే గొంతు చెల్లెలు గుడ్రున్‌ది,
తొమ్మిది గంటల పదకొండు నిమిషాలు.
పాతికేళ్ళు రేడియోలో వాన రాకడ చెప్పిన గొంతు.
పోయిన చలికాలం ఆపరేషను తర్వాత
ఆ మనిషి తలూపుతుంది, పలక మీద రాస్తుంది, అంతే.
"కొన్నాను. ఇదిగో బిల్లు."

కేబుల్ పెట్టాను.
ఫైలు కనిపించింది, కదల్లేదు.
తాళంచెవి ఎక్కడో సర్వర్లో ఉండేది.
ఆ సర్వర్ని కంపెనీ మూడేళ్ళ కిందటే ఆపేసింది,
క్షమాపణ ఉత్తరం కూడా పంపింది, మర్యాదస్తులు.
బర్రెనమ్మి పలుపు దాచుకున్న బేరం.
పైగా పలుపెక్కడ పెట్టారో వాళ్ళకే గుర్తులేదు.

ఆమె కోప్పడలేదు. లెక్క కట్టింది,
బిల్లు వెనకాల, నా పెన్నుతో.
పంతొమ్మిదేళ్ళు, ఏడాదికి నాలుగు.
"డెబ్బై ఆరుసార్లు నకలు హక్కుకి డబ్బు కట్టాను.
ఒక్కసారి వాడుకోనివ్వండి."

తాళం విరగ్గొట్టే ప్రోగ్రాములున్నాయని నాకు తెలుసు.
విరగ్గొడితే చట్టం ఏమంటుందో కూడా తెలుసు,
యజమాని గోడకంటించిన కాగితం మీద
నా సంతకం ఉంది.
చాలాసేపు స్క్రూడ్రైవర్లు సర్దుతూ నిలబడ్డాను,
సర్దినవే.

అప్పుడామె కోటు జేబులోంచి
పిట్టల మైకు తీసింది,
బొచ్చు తొడుగుతో, నిద్రపోతున్న పిల్లికూనలా.
"గూటి దగ్గరికెళ్ళి నేను తాళం అడుగుతానా?
దూరంగా కూచుంటాను. పాడనిస్తాను."

షట్టర్ దించాను.
ప్లేయర్‌కి ఒక చిన్న స్పీకరు,
దానికెదురుగా మైకు, మధ్యలో జానెడు గాలి.
ఆ జానెడు గాలికి ఇంకా ఎవరూ తాళం వేయలేకపోయారు.

తొమ్మిది గంటలు. తొందరపెట్టే మీట లేదు.
మాట్లాడకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు.
ప్లేయర్ వేడెక్కితే దాని కింద
ఫ్రిజ్‌లోంచి బఠాణీల పొట్లం పెట్టాను.
గుడ్రున్ ఏదో ఉప్పుగని కథ చదువుతోంది,
పేజీ తిప్పే ముందు చిన్న ఊపిరి.
ఆ ఊపిరి దగ్గర రోస్విటా ప్రతిసారీ వేలెత్తేది,
పొదలో ఏదో కదిలినట్టు.
రాత్రి రెండింటికి నాకు తుమ్మొచ్చింది.
ఆపుకున్నాను,
ఆపుకోలేకపోయాను.

ఇప్పుడా నకల్లో
ఆఖరి ట్రాము ఉంది,
ఐదో అధ్యాయం చివర ఒక తుమ్ముంది,
మళ్ళీ మొదటి ట్రాము.
తెల్లవారుతుండగా కప్పు మీద స్టార్లింగు పిట్ట ఒకటి
ఎవరి ఫోను మోతనో అచ్చంగా దించి
నాలుగుసార్లు మోగి ఊరుకుంది,
ఎవర్నీ అడక్కుండా.

కార్డుకి డబ్బిచ్చింది రోస్విటా, రుసుముతో సహా.
ఈసారి రసీదు చదవలేదు.

పదిరోజులకి నా ఫోనుకి ఒక పలక ఫోటో వచ్చింది.
సుద్దముక్క, వంకర అక్షరాలు:
"ఐదో అధ్యాయంలో తుమ్మిందెవరు?
సరైన చోటే తుమ్మారు."