పాత విద్యార్థి

సిరొంచ బస్టాండుకు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
తునికాకు నెలల్లో కూలి రసీదులు,
తతిమ్మా నెలల్లో కులం, ఆదాయం, సాత్‌బారా నకళ్లు.
మంగళవారం మిట్ట మధ్యాహ్నం సడవలి వచ్చాడు,
పత్తి బేరగాడి దగ్గర గుమస్తా,
చెవి మీద ఇంకా దూది పీచు.
"మల్ల కట్టాలె" అన్నాడు.
ఏం కట్టాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆన్‌లైన్ ట్రేడింగ్ సెమినారు, మూడు ఆదివారాలు.
కొత్తవాళ్లకు నాలుగు వేలు,
పాత విద్యార్థులకు సగం.
ఓడినవాడికి రాయితీ ఇచ్చే బడి
నా ఎరుకలో ఇదొక్కటే.
తొలి ఏడు వెండిలో పాడి బర్రె పోయింది ఆయనకు,
నిరుడు ఏదో బ్యాంకు షేర్లలో
బర్రెను కట్టేసే కొట్టం కూడా.

'పాత విద్యార్థి' అన్న చోట నొక్కగానే
పేర్ల పెట్టె తెరుచుకుని
అన్నిటికన్నా పైన నా పేరు పడింది.
ఆయన అద్దాలు వెతుక్కునేలోపు చెరిపేశాను.

గంధం సడవలి, కొట్టాను.
పాత రికార్డుతో సరిపోలడం లేదట.
గంధంవార్ సడవలి.
బడిలో వేసిన నాడు పంతులు తగిలించిన తోక అది,
ఆధార్‌లో ఉంది, పెళ్లిపత్రికలో లేదు.
అదీ కాదట.
'వ'కు వీ తీసి డబల్యూ పెడితే అప్పుడు ఒప్పుకుంది.
"పైసలు పోయేటప్పుడు
ఏ స్పెల్లింగైనా నడిచింది గద" అని
తనే నవ్వాడు ముందు.

ఆ కింద ఎర్ర చుక్క పెట్టిన గడి,
వదిలేస్తే ముందుకు పోనివ్వదు:
గత బ్యాచ్‌లో నేర్చుకున్నది ఒక్క వాక్యంలో.
చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"రాయి.
ఆగాల్సిన కాడ ఆగాలె."
రాశాను.
సమర్పించు, నొక్కాను.

ఓటీపీ రాదు.
ఆయన సిమ్ము చెన్నూరు మేనల్లుడు కొనిచ్చింది,
అవతలి టవరుకు తప్ప పలకదు.
కొట్టుకు గొళ్లెం పెట్టి
బండి మీద ప్రాణహిత వంతెన ఎక్కాం.
నడిమికి పోయేసరికి జేబులో వణుకు,
తెలంగాణకు స్వాగతం, దాని వెనకే ఆరంకెలు.
ఆయన చదివాడు, నేను నా ఫోన్లో కొట్టాను.
నాలుగోది గాలి ఎత్తుకుపోయింది.
"ఏడా, ఒకటా?"
"ఏడు, ఏడు!"
కింద దుబ్బలో ఒకామె
పుచ్చపాదులకు బిందెతో నీళ్లు పోస్తోంది,
పోయినేడు ఏరు ముందే వచ్చి
కాయలతో సహా తీసుకుపోయిన చోటనే.

"నువ్వు గూడ చేరరాదు" అన్నాడు, ఏరు దిక్కు చూస్తూ.
"ఇద్దరం కడితే ఇంకో రెండొందలు తగ్గుతయట."
నేను బండి తిప్పాను.

కొట్టు ముందు దిగి అరవై రూపాయలు తీశాడు,
ఫారం నింపిన కూలి.
"పాతోనివే గద," అన్నాను,
"సగం ఇయ్యి."