మూడు కర్రలు

దర్గామిట్ట ఇంట్లో ఆవిడకి రాసుకునే బల్ల లేదు.
మంచమ్మీద పరీక్ష అట్ట, పక్కన పురికొస ఉండ.
లెక్క తెగనప్పుడు
ముడులు వేస్తూ కూర్చునేది.
ముడులే ఆవిడ గణితం.
ఏ ముడి ఎన్ని మెలికలున్నా చివరికి విడుతుంది,
ఏది తలకిందులైనా విడదు,
ముప్పయ్యేళ్లు అదే పని.

మేం ఎమ్మెస్సీ పిల్లలం
ఎం.కె. మేడం అనేవాళ్లం.
మాలకొండమ్మ అని నిండుగా పలికింది
రిటైరైన రోజు మైకులో రిజిస్ట్రారొక్కడే,
అదీ కాగితం చూసి.

క్లాసు మొదట్లో బోర్డు కుడి మూల
చిన్న 3 వేసేది. తుడవనిచ్చేది కాదు.
తేదీ కాదు, పాఠం నంబరు కాదు.
మాలో ఒకడు మొక్కు అన్నాడు, ఒకడు చాదస్తమన్నాడు.
అడగటానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

కొండపి దగ్గర వాళ్లది పొగాకు సేద్యం.
సొంతం నాలుగెకరాలు, కౌలు ఇంకో ఆరు, ఒక బ్యారన్.
ఆకు రెలిచే రోజుల్లో బడి లేదు.
తాటాకు పందిరి కింద పట్టా పరుచుకుని
కనిగిరి వైపు నుంచి వలసొచ్చిన ఆడవాళ్లు
కర్రకి ఇటు రెండాకులు, అటు రెండాకులు
పురి తిప్పి బిగించేవాళ్లు.
మంట సెగకి జారకూడదు.
కాగిన ఆకు దించాక కొస పట్టి లాగితే
కర్రంతా ఒక్క గుంజుకి ఖాళీ కావాలి.
"ఆ ముడి కనిపెట్టినావిడ
పేపరెక్కడా అచ్చేసుకోలేదు" అంది మేడం.

రాత్రుళ్లు నాయనతో బ్యారన్ కాపలా.
కిటికీలోంచి థర్మామీటరు లాగి
"ఎంతమ్మే?" అనేవాడు.
ఆయనకి అంకెలొచ్చు, చూపు ఆనదు.
తొంభై ఆరు: ఆకు పండుతోంది.
నూట ఇరవై: రంగు నిలబడింది.
నూట అరవై: ఈనె పెళ్లున విరుగుతుంది.
నిద్ర కళ్లతో చదివిన ఆ అంకెలకి వాసనుండేది.
"తర్వాత చదివినవన్నీ కాస్త చప్పన" అంది.

కర్రలు లెక్కపెట్టటం పదేళ్ల పిల్ల పని.
కర్రకింత కూలి.
ఒక సాయంత్రం ఓబులమ్మ పేరు కింద
నాయన నూట పద్నాలుగు రాశాడు.
పిల్ల లెక్కకి నూట పదిహేడు.
మళ్లీ లెక్కపెట్టింది. పదిహేడే.
"మూడు కర్రలకేముందిలే, చీకటి పడింది."
చెడ్డవాడు కాదాయన. ఆ ఏడు వేలంలో
తొమ్మిది బేళ్లు అడిగేవాడు లేక వెనక్కొచ్చాయి.
ఓబులమ్మ నవ్వి, ఆకు జిగురు చేత్తో
పిల్ల తల నిమిరింది.
పిల్ల నోరెత్తలేదు.
జుట్టు ఉండకట్టి చిక్కు వదల్లేదు.
అమ్మ కత్తెర తెచ్చింది.

జీతం మొదలయ్యాక
కందుకూరులో బస్సు మారి పామూరు వెళ్లిందట, రెండుసార్లు.
ఆ చుట్టుపక్కల ఎంతమంది ఓబులమ్మలు!
ఒకామె గుమ్మంలో నిలబడి
"నేనే అనుకో, ఎంతిస్తా?" అంది.
ఇచ్చి వచ్చేసింది.
"అది జవాబు కాదబ్బాయ్,
దగ్గర దగ్గర" అంది నాతో.

వచ్చేటప్పుడు నా చేతిలో పురికొస ముక్క పెట్టింది.
కొసలు రెండూ కలిపి కుట్టేసి ఉన్నాయి.
మూడుచోట్ల తనమీద తనే దాటి పోతుంది.
విడని ముడుల్లో అన్నిటికన్నా చిన్నదట.
"తీరికగా విప్పుకో" అని తలుపేసుకుంది.

నేను టంగుటూరు బ్యాంకులో క్యాషియర్ని.
ఆ ముక్క సొరుగులో రబ్బరు స్టాంపుల పక్కన ఉంటుంది.
మొన్న పింఛను రోజు,
వరుస తలుపు దాటి ఎండలోకి పోయింది.
ఒక ముసలామె నోట్లు వేలు తడిచేసుకుని లెక్కపెట్టి
ఒకటి తక్కువంది.
తీసుకుని లెక్కపెట్టాను. సరిపోయాయి.
కాదంది.
వెనకాల ఎవరో విసుక్కున్నారు.
ఇంకోసారి లెక్కపెట్టాను,
ఈసారి ఆమెకి వినపడేలా.