అరవై రెండులో నలభై ఏడు

లావుపాటి కవరు వచ్చిందంటే సీటు వచ్చినట్టే అని
న్యూ బెడ్‌ఫర్డ్ చేపల కంపెనీలో నా పక్కన నిలబడే
ఫిలొమేనా చెప్పింది.
ఆమె ఇంటికి అలాంటి కవరు ఎన్నడూ రాలేదు.

రెండో పేజీలో తూకం.
అరవై రెండు క్రెడిట్లు పంపాను,
నలభై ఏడు ఒప్పుకున్నారు.

ఒప్పుకోనివి ఇవీ:
బుక్‌కీపింగ్, మూడు.
ఆసుపత్రి బిల్లులు రాయడం, మూడు.
వెల్డింగ్, నాలుగు. ఆ చలికాలమంతా
నా కనుబొమల్లో కాలిన వాసన.
రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన లెక్కలు, మూడు.
కాలేజీలో నెగ్గుకురావడం ఎలా, అనే క్లాసు, రెండు.
ఈ చివరిది చదివి వంటింట్లో ఒక్కదాన్నే పైకి నవ్వాను.

కోపం రాలేదు.
పదకొండేళ్లు బెల్టు పక్కన నిలబడి
విరిగిన స్కాలప్‌లని వేలికొసతో
పక్క తొట్టిలోకి తోసినదాన్ని.
తోసేవాళ్లకి పగేమీ ఉండదు. బెల్టు ఆగదు, అంతే.
కాకపోతే ఆ పక్క తొట్టిలోవి
మేం ఇళ్లకి పట్టుకెళ్లేవాళ్లం.
వెల్లుల్లి తగిలితే వాటికీ అదే రుచి.

పాత కాలేజీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది పార్కింగ్ స్థలం.
ఎవరి కారు వాళ్ల ఇల్లు అక్కడ.
స్టీరింగు మీద పుస్తకం, ఒళ్లో అన్నం,
వెనక సీట్లో నిద్రపోతున్న ఎవరి పిల్లో.
బెర్నిస్ కోవాల్చిక్ మేడమ్‌కి కారు డిక్కీయే ఆఫీసు.
మూడు కాలేజీల్లో పాఠాలు, ఒక్కదాంట్లోనూ కుర్చీ లేదు.
నా సిఫార్సు ఉత్తరం బానెట్ మీద పెట్టి రాసింది.
సముద్రపు గాలికి ఎగిరిపోకుండా
కాగితం అంచులు నేను పట్టుకున్నాను.
చదవకు, అంది.
తలకిందులుగానే ఒక వాక్యం చదివాను:
ఈమె ప్రశ్న అడిగిన రోజు
నేను ఇంటికెళ్లి మళ్లీ చదువుకుంటాను.

కొత్త కాలేజీలో పన్నెండు మందికి ఒక గుండ్రటి బల్ల.
లెక్కపెట్టాను, అందరికీ కుర్చీలున్నాయి.
గదులకి తాళాలు వేసుకోరు.
జుల్మీరా అన్న నా పేరుని
ఒక్కొక్కరూ ఒక్కో రకంగా, ఎంతో మర్యాదగా, తప్పు పలుకుతారు.
చర్చలో నా వంతు వచ్చేసరికి
చేతులు బల్ల కిందికి పోతాయి వాటంతట అవే.
నిమ్మకాయతో ఎంత రుద్దినా
గోళ్ల చివర సముద్రం పోదు.

అమ్మా, నువ్విప్పుడు ఫ్రెష్‌మన్‌వా? అంది నా కూతురు నైజా.
తొమ్మిదేళ్లది.
కాదే, మూడో ఏడులో చేర్చుకున్నారు.
అయితే ఫ్రెష్ కాదు, ఫ్రోజెన్,
అని తనే తేల్చేసి హోంవర్కులో పడిపోయింది.

అక్టోబరులో కెమిస్ట్రీ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు
బాత్రూంలో అనలీస్ ఏడుస్తోంది.
నూటికి నలభై ఒకటట.
పుట్టి ఇంతవరకు ఏదీ తప్పలేదట.
కాగితం తడిపి ఇచ్చాను.
నాకు లెక్కలు మూడోసారికి వచ్చాయి, అన్నాను.
మూడోసారా?
ఏడుపు ఆపి,
అదేదో పటంలో లేని దేశమైనట్టు చూసింది.
అక్కడికి ఏ దారిన వెళ్లాలో,
ఎక్కడెక్కడ ఆగాలో చెప్పాను.
ముక్కు తుడుచుకుంటూ వింది.

బయటికొస్తే కారు అద్దం మీద పసుపు చీటీ.
సిబ్బంది స్థలంలో బండి నిలిపినందుకు ముప్ఫై డాలర్లు.
లెక్కల్లో వీళ్లు ఖచ్చితం.
చీటీ మడిచి, ఆ లావుపాటి కవరులోనే దోపాను.

ఆరింటికి షిఫ్టు.
హీటరు వేడెక్కేలోగా
స్టీరింగు మీద ఇంకో రెండు పేజీలవుతాయి.