ఎనిమిదో మలుపు

కమిటీ వాళ్ల మ్యాపులో
బెజవాడ అరచేయంత ఉంది, నున్నగా ఉంది.
బ్యారేజీ మీదుగా ఎర్ర పెన్సిలు గీత
ఒక్క గుంటలోనూ పడకుండా వెళ్లిపోయింది.

ఇరవై రెండు కిలోమీటర్లు, పద్దెనిమిది వందల సైకిళ్లు,
ఆదివారం, తెల్లవారి ఐదున్నర.
"దారి చూసి రావయ్యా" అన్నారు.
చూడ్డానికి పోలేదు, తొక్కడానికి పోయాను.
కంటికి ఎన్ని అబద్ధాలైనా చెబుతుంది రోడ్డు,
నడుముకి చెప్పలేదు.

వారం ముందు ఆదివారం, నాలుగింటికి
బ్యారేజీ మీద ఇనప అతుకులు లెక్కపెట్టాను,
ముందు చక్రానికో దెబ్బ, వెనక చక్రానికో దెబ్బ.
గుంపుగా వద్దు, విడతలుగా వదలాలి అని రాసుకున్నాను.
వన్‌టౌన్‌లో బంతిపూల బస్తాలు దించుతున్నారు.
తడిసిన రేకుల మీద బ్రేకు పట్టదు.
రైవస్ కాలువ పక్కన మ్యాన్‌హోల్ మూత ఒకటి
మూడు వేళ్లెత్తు పైకి లేచింది.
దాని చుట్టూ సున్నంతో సున్నా చుట్టాను.
గుణదల వైపు మొదటి ప్రార్థనకి పోయే తెల్లచీరలు
రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడవు.
చిట్టినగర్ సొరంగంలోకి దూరితే
కంటికి చీకటి అలవాటయ్యేసరికి అయిదు అంకెలు పడుతుంది.
ఆ అయిదు అంకెల్లో
ఎనిమిది సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడొచ్చు.

అన్నీ రాసుకున్నాను.
ఎనిమిదో మలుపు దగ్గర పెన్ను ఆగింది.

సింగ్‌నగర్ వంతెన దిగేచోటు.
ఎదురుగా వస్తున్నారు.
హెల్మెట్ల్లేవు, నంబర్లు లేవు.
క్యారేజీలో నిన్నటి కూర, బారుకి కట్టిన తాపీ,
ఒకడి వెనక సీటు మీద తమ్ముడు నిద్రపోతున్నాడు.
ఐదూ పావు నుంచి ఆరు దాకా
రెండు వందల పదకొండు మంది.
మా రిజిస్టరులో ఒక్కరి పేరూ లేదు.

మ్యాపులో ఆ చోట ఒక బారికేడు బొమ్మ ఉంది.
కింద చిన్న అక్షరాల్లో: "ఐదు నుంచి తొమ్మిది దాకా పూర్తిగా మూత."
సైకిళ్ల పండక్కి అడ్డొస్తాయని
సైకిళ్లనే ఆపాలన్నమాట.

ఒకాయన కాలు దించి నిలబడ్డాడు. పేరు నాంచారయ్య.
పటమటలో ఏడో అంతస్తుకి ప్లాస్టరింగట.
"టేపు పట్టుకుని ఏం కొలుస్తున్నావు?"
చెప్పాను.
"తొక్కితే ఎంతిస్తారేం?"
"ఇవ్వరు. వాళ్లే కడతారు, ఎనిమిది వందలు."
బెల్లు కొడుతూ నవ్వాడు, కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు.
ఆపి అడిగాడు:
"మరి ఆ రోజు నేనెటు పోవాల?"

టేపు మళ్లీ పరిచాను.
ఏడు మీటర్లు రోడ్డు.
అయిదు వాళ్లకి.
రెండు ఆయనకి.

మీటింగులో విద్యాధరి గారు కళ్లజోడు దించి
"ఈ రెండు మీటర్లు దేనికండీ?" అన్నారు.
"ఎదురొచ్చేవాళ్లకి."
"ఆ వేళప్పుడు ఎవరొస్తారు?"
ఆ అంకె చెప్పాను.
ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.
"సరే, అక్కడ నిలబడేదెవరు?"
వాలంటీర్ల కాగితం మీద
ఎనిమిదో గడిలో నా పేరే రాసుకున్నాను.

ఆదివారం
సున్నపు గీతకి ఇటు ఈలలు, నీళ్ల సీసాలు, రంగు చొక్కాలు.
అటు తాపీలు, క్యారేజీలు.
ఒకరినొకరు చూసుకోవడం కొత్తగా ఉన్నట్టుంది ఇద్దరికీ.
చిట్టచివర, ఎనిమిదింబావుకి,
అద్దె సైకిలు చెయిను ఊడి, చేతులు నల్లగా
ఒక పిల్ల నడిపించుకుంటూ వచ్చింది, జానీబేగం.
ఆమె కోసమే కదా దారి వేసేది,
ముందొచ్చేవాడికి దారెందుకు?
అటువైపు నుంచి ఎవరో దిగి చెయిను ఎక్కించి పోయారు.

నాంచారయ్య మాత్రం రాలేదు.
పని లేదేమో. ఇంకో దారి దొరికిందేమో.

గురువారం కనిపించాడు.
బారికేడ్లు లేవు, రోడ్డంతా ఖాళీ.
సగం చెరిగిన నా గీత లోపలే, అంచున,
ఆ రెండు మీటర్లలోనే
తొక్కుకుంటూ పోతున్నాడు.
కేకేద్దామనుకున్నాను.