చెక్కుబందీ

టాడ్మోర్డెన్ సంతలో చీజ్ కొట్టు పక్కన
టీ టవళ్ళ బల్ల మీద నా ఫెర్న్ కనిపించింది.
నాదేనని ఎలా తెలిసిందంటే,
ఎడమవైపు మూడో రెబ్బ సగమే ఉంటుంది.
కాలువ గోడ దగ్గర గొంతుక్కూర్చుని
నేను గీస్తుండగానే నత్త దాన్ని కొరుక్కుతింది.
ఆ గాటుతో సహా గీశాను.
ఆ గాటుతో సహా, టవలు తొమ్మిది పౌండ్లు.

రేకుల మీద వాన. దొంగలా లెక్కపెట్టాను.
ఆకుపచ్చవి ఇరవై ఆరు, నీలం పదకొండు,
బల్ల కింద విప్పని అట్టపెట్టెలు మూడు.
నా ఫైలు ఖరీదు నాలుగు పౌండ్లు.
దాని అడుగున, ఎవరూ దిగి చూడని చోట,
సొంత వాడకానికి మాత్రమే అని ఉంటుంది.
అచ్చేసి అమ్ముకోవాలంటే ఇంకో బొత్తాం,
ఇరవై రెండు పౌండ్లు.

మా మేనమామ శోభనాద్రి
చింతలపూడి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు
దస్తావేజులు రాసేవాడు.
కలం పెట్టే ముందు ఒకటే అడిగేవాడు:
"అమ్మకమా, కౌలా?"
అమ్మకమైతే గొంతు లేచేది.
దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో
పుత్రపౌత్ర పారంపర్యంగా...
ఆ వాక్యం ముగిసేసరికి
అమ్మినవాడి మొహంలో పొలం ఇంకిపోయేది.
కౌలైతే గొణుగుడే.
తూర్పున పంటబోదె, దక్షిణాన నూకయ్య చెరుకు,
ఇన్ని బస్తాలు, ఇన్నేళ్ళు,
చెట్టు కొట్టరాదు, మారుకౌలు ఇవ్వరాదు.

నా ఫెర్న్‌ని నేనెప్పుడూ అమ్మలేదు.
నూట నలభైమందికి కౌలుకిచ్చాను,
ఒకే మడిని, ఒకే కారులో,
ఎవరికీ గట్టు తగాదా రాకుండా.
మామ ఇది వింటే చుట్ట ఆర్పేసి మళ్ళీ చెప్పమనేవాడు.
అయిదు వందల ప్రతులు తూర్పు హద్దు.
ఫైలుని ఫైలుగా పంచరాదు, దక్షిణం.
గుర్తుగా రిజిస్టరు చేసుకోరాదు, పడమర.
ఉత్తరం ఏం రాయాలో తోచక వదిలేశాను.
ఉత్తరాన ఎప్పుడూ ఏదో దారి ఉంటుంది.

"బాగుంది కదా, లవ్?" అంది మాక్సీన్.
అది గీసింది నేనని చెప్పాను.
ముందు సంబరపడింది. తర్వాత నా మొహం చూసింది.
"కొన్నాను కదా," అంది.
చలికి పగిలిన వేలితో ఫోన్లో రసీదు వెదికి చూపించింది.
నిజమే, కొంది. తేదీ కూడా ఉంది.
ఆమెకు కొనడమంటే ఆలుగడ్డలు కొనడం.
ఇంటికెళ్ళి వేపుకున్నా, ఉడకేసి అమ్ముకున్నా
ఆలుగడ్డలవాడు వెనకాలే రాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు, నిబంధన ఉంది.
తడిసిన గొడుగు పట్టుకుని నిబంధన చెప్పాను.
"ఇదే మాట అక్కడ ఇలాగే రాసి ఉంటే" అని
గల్లా తెరిచి పద్దెనిమిది పౌండ్లు లెక్కపెట్టింది,
పది నోటు, అయిదు నోటు, మూడు నాణేలు.
పైన ఒక ఆకుపచ్చ టవలు మడిచి పెట్టింది.
నేను వద్దనలేదు. అనాల్సింది.

ఆ రాత్రే తిరగరాయడానికి కూర్చున్నాను.
'బదిలీయోగ్యం కాని' కొట్టేసి
'ఇంకొకరికి ఇవ్వకండి' అని రాశాను.
పేజీ నెత్తిన నా దుకాణం పేరు,
జిలేబీ చుట్టల్లాంటి అక్షరాల్లో.
ఆ ఫాంటు మూడేళ్ళ కిందట ఊరికే దింపుకున్నది.
ఎందుకో దాని ఫోల్డరు తెరిచాను.
లోపల ఇంకో చిన్న ఫైలు, నేనెన్నడూ ముట్టనిది:
సొంత వాడకానికి మాత్రమే.
వ్యాపారానికైతే నాకు రాయండి. ఇంగ్విల్డ్.

మూడేళ్ళు. సంచుల మీద, రసీదుల మీద,
హద్దులన్నీ చెప్పే ఆ పేజీ మీదే.
కొన్నాను కదా, అని కూడా అనలేను.

రాశాను ఆమెకి. ఎంతో చెప్పమని, ఎప్పటినుంచో చెప్పి.
జవాబు ఇంకా రాలేదు.
టవలు పొయ్యి కమ్మీకి వేలాడుతోంది.
ఒక్క ఉతుక్కే ఆకుపచ్చ కొంచెం దిగిపోయింది.
నత్త కొరికిన చోటు అలాగే ఉంది.