నాలుగొందల పన్నెండో లైను

రాత్రి పదకొండు దాటింది.
పోర్టు వైపు నుంచి ఓ ఓడ కూత.
మర్రిపాలెంలో, మూడో అంతస్తు ఉక్కలో,
తెడ్డు నూకరాజు పంపిన ప్యాచ్ తెరిచాను.

ఆరొందల లైన్లు.
తీసేసినవి ఎరుపు, చేర్చినవి పచ్చ.
బోట్లలో బిగించే చిన్న నెట్‌వర్క్ పెట్టెకి డ్రైవరు,
కెర్నెల్‌కీ ఆ ఇనప చెవికీ మధ్య దుబాసీ.

పనిచేసే దారిని అందరూ చూస్తారు.
నేను ముందు కూలిపోయే దారి చూస్తాను.
మెమరీ అడిగితే లేదన్నప్పుడు,
ఇంటరప్ట్ దొరకనప్పుడు,
సగం లేచినదాన్ని ఎలా విప్పుకొస్తున్నాడు?
ఆఖర్న కట్టిన ముడి ముందు విప్పాలి.
పెళ్లిపందిరి వేసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ తప్పాడు.
దిగిపోయేటప్పుడు
బఫర్లన్నీ ముందే వదిలేసి
ఆనక తీరిగ్గా ఇంటరప్ట్ ఆపుతున్నాడు.
ఆ రెండు లైన్ల సందులో
ఒక్క ప్యాకెట్ వచ్చిందా,
కూల్చేసిన ఇంటికి పోస్ట్‌మాన్ వచ్చినట్టే.
పాత గుమ్మం ఉండే చోట ఉత్తరం జారవిడుస్తాడు.
అది ఇప్పుడక్కడ కూర్చున్నవాళ్ల
అన్నం కంచంలో పడుతుంది.

"ఏం రాశావయ్యా ఇది" అని రాసి,
కొట్టేసి,
"వరస మార్చు" అని రాశాను.
నా మొదటి ప్యాచ్‌కి వచ్చిన జవాబు
ఒకే ఒక్క మాట: వద్దు.
పద్నాలుగేళ్లయింది.
ఉప్పుగాలి కిటికీ చువ్వని తిన్నట్టు
ఆ మాట ఇప్పటికీ తింటూనే ఉంది.

నాలుగొందల పన్నెండు దగ్గర మళ్లీ ఆగాను.
జెండా చూస్తాడు,
ఒక బారియర్ పెడతాడు,
అప్పుడు పొడవు చదువుతాడు.
వరసగానే ఉన్నాయి కదా,
మధ్యలో ఈ రైల్వే గేటు దేనికి?
ప్యాకెట్ ప్యాకెట్‌కీ ఆగడం దండగ.
"అనవసరం. తీసెయ్."
చుక్క పెట్టి మరీ పడుకున్నాను.

పొద్దున్నే జవాబు.
"తీసి చూశాను మేడమ్.
తొమ్మిది గంటలు బాగానే నడిచింది.
పదో గంటలో ఒక ప్యాకెట్,
అరవై నాలుగు బైట్లది,
తనది పదిహేనొందలని చెప్పింది.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్లో వేలం పాడతాది.
ముందు పలక మీద బరువు రాస్తారు,
తర్వాత బుట్టలో చీటీ పడేస్తారు.
చీటీ పడితే బుట్ట మనది.
కొత్తగా వచ్చిన గుంటడు ఆత్రంకొద్దీ
చీటీ కంటే ముందే పలక చూసేస్తాడు.
నిన్నటి బరువు బుర్రలో పెట్టుకుంటాడు.
ఈలోగా పలక మారతాది, చీటీ పడతాది.
చీటీ నిజమే. వాడు చెప్పే బరువే నిన్నటిది.

ఈ పెట్టెలో ప్రాసెసరు ఆ గుంటడేనండి.
మనం రాసిన వరసలో చదవదు."

నా బల్ల మీది మెషీన్ అలా చెయ్యదు.
ఇన్నేళ్లూ దాని మర్యాద చూసి
లోకమంతా అంతే అనుకున్నాను.

"తప్పు నాదే" అని రాయడానికి
ఆరొందల లైన్లు చదివినదానికన్నా ఎక్కువసేపు పట్టింది.
టీ చల్లారింది. కింద ఆటో ఒకటి స్టార్టవనని మొరాయించింది.
ఇంకో ముక్క చేర్చాను:
"ఆ లైను ఎందుకుందో పైన రాసిపెట్టు,
ఇంకో రాత్రి ఇంకో తెలివైనవాళ్లు వచ్చి
తీసెయ్యకుండా."

మూడో వెర్షన్ వచ్చింది.
విప్పే వరస మారింది.
బారియర్ నెత్తిన రెండే రెండు మాటలు:
ముందు చీటీ. తర్వాతే బరువు.
పైవాళ్లు అడుగుతారు, చీటీ ఏమిటని.
అడగనీ.

కింద, చూశాను అని, నా పేరు పెట్టాను.

గాలి తిరిగిన ఏదో రాత్రి
ఒడ్డు కనపడని చోట, తడిసిన కేబిన్లో,
ఆ పెట్టెకి ఒక ప్యాకెట్ వస్తుంది.
జెండా చూస్తుంది.
ఆగుతుంది.